సన్నాయి మేళం మీద రీసెర్చ్ చెయ్యాలంటే బయానా దగ్గర మొదలెట్టండి

"సమాజంలో సంగీతం పాత్ర అని టాపిక్ తీసుకున్నానండీ, ఎక్కడ మొదలెట్టాలో తెలీట్లేదు" అని ఈమధ్య వరసగా ముగ్గురు పిల్లలు అడిగారు, ముగ్గురికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తే ఇంకెవరికైనా పనికొస్తుందని కూర్చున్నా. ముందు ఆ టాపిక్ మార్చుకోండి. అది టాపిక్ కాదు, సముద్రం, దాంట్లో దిగితే నాలుగేళ్ళయినా ఒడ్డు కనపడదు. ఒక సంగీతం, ఒక ప్రాంతం, వీలైతే ఒకే ఒక బృందం, అంతవరకు కుదించుకోండి. నేను సన్నాయి (అంటే నాదస్వరం), డోలు కలిసి వాయించే సన్నాయి మేళం పట్టుకున్నా, గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో పెళ్ళిళ్ళకీ గుళ్ళకీ వాయించేవాళ్ళు, అందుకని ఇక్కడ చెప్పేవన్నీ వాళ్ళ దగ్గర నేర్చుకున్నవే. మీది ఒగ్గుకథ అయినా డప్పు అయినా బ్యాండ్ మేళం అయినా పద్ధతి పెద్దగా మారదు.

ఎక్కువమంది ఏం చేస్తారంటే సాంస్కృతిక పాత్ర ఒక చాప్టర్, సామాజిక పాత్ర ఒక చాప్టర్, ఆర్థిక పాత్ర ఒక చాప్టర్ అని ముందే గళ్ళు గీసేసుకుని, తర్వాత ఊళ్ళోకెళ్ళి ఆ గళ్ళు నింపుకొస్తారు. గైడ్లు కూడా సరేనంటారు, చూడ్డానికి నీట్‌గా ఉంటుంది కాబట్టి. కానీ పెళ్ళి పందిట్లో ఈ మూడూ విడివిడిగా దొరకవు. బయానా, అంటే అడ్వాన్సు, ఎవరిచ్చారు, ఎవరి చేతికిచ్చారు, మేళాన్ని ఎక్కడ కూర్చోబెట్టారు, ఏ పాట అడిగారు, భోజనం ఏ బంతిలో పెట్టారు, మిగతా డబ్బులివ్వడానికి ఎంతసేపు నిలబెట్టారు, ఇదంతా ఒకే రాత్రి ఒకే మనుషుల మధ్య జరుగుతుంది. అందుకని నేను చెప్పేదల్లా డబ్బు వెంట నడవమని. బయానా పుచ్చుకున్న దగ్గర్నుంచి ఆఖరి రూపాయి పంచుకునేదాకా ఆ బృందంతో ఉండండి, కులం, భక్తి, మర్యాద, రాగం అన్నీ దారిలోనే ఎదురొస్తాయి.

కాస్త చదువుకుని వెళ్ళండి, మరీ ఎక్కువ వద్దు. అలన్ మెరియం అనే అమెరికన్ ఆంత్రొపాలజిస్టు 1964లో చెప్పింది ఒకటి మాత్రం బాగా పట్టించుకోండి. ఏ సంగీతాన్నైనా మూడు వైపుల నుంచి చూడమన్నాడు, దాని గురించి జనం ఏమనుకుంటున్నారు, దాని చుట్టూ ఎలా నడుచుకుంటున్నారు, చెవికి వినపడేదేంటి. అలాగే సంగీతాన్ని జనం వాడుకునే తీరు వేరు, అది లోపల చేసే పని వేరు అని కూడా అన్నాడు. చదివినప్పుడు ఆ తేడా నాకు బుర్రకెక్కలేదు, గట్టిమేళం దగ్గర ఎక్కింది.

మొదటి పెళ్ళికి వెళ్ళినప్పుడు నేను డోలు విద్వాంసుడి పక్కనే కూర్చున్నా. కుడిచేతి వేళ్ళకి గట్టి తొడుగులు, ఎడమ చేతిలో పుల్ల, వాయిస్తూనే ఉన్నారు కానీ కళ్ళు మాత్రం డోలు మీద లేవు, అరగంట నుంచీ పురోహితుడి చేతి మీదే ఉన్నాయి. ఆ చెయ్యి పైకి లేచి "గట్టిమేళం, గట్టిమేళం" అన్న మాట ఇంకా పూర్తవలేదు, కీర్తన ఎక్కడుంటే అక్కడ వదిలేసి రెండు సన్నాయిలూ పైస్థాయికి పోయాయి, డోళ్ళు దడదడలాడిపోయాయి, నా పక్కన పసిపిల్లాడు ఏడుస్తున్నట్టు మొహం చూస్తే తెలుస్తోంది గానీ శబ్దం వినపడట్లేదు. తర్వాత ఎందుకలా అని అడిగితే కుర్రాళ్ళు "తాళి కట్టేటప్పుడు వాయించాలి కదండీ" అన్నారు, అది వాడుకునే తీరు. పెద్దాయన మాత్రం మంచినీళ్ళు తాగి నిదానంగా చెప్పారు, ఆ టైములో ఎవరు తుమ్మినా, ఏడ్చినా, నోరుజారి అశుభం మాట అన్నా పెళ్ళికూతురి చెవిన పడకూడదని. పని అంటే అదీ. ఇంకా ఉంది, వెనక వరసలో వాళ్ళకి తాళి కనపడదు కదా, మేళం వినే అక్షింతలు వేస్తారు, అంటే ఆ పెళ్ళికి వాళ్ళని సాక్షుల్ని చేసేది మేళమే. ఒక్క నిమిషం వాద్యంలో ఇన్ని పొరలున్నాయి, ఇది క్వశ్చనీర్‌లో టిక్కు పెట్టించుకుంటే వచ్చేది కాదు.

సరే, మరి బృందం దగ్గరికి ఎలా వెళ్ళాలి. యూనివర్సిటీ లెటర్ పట్టుకుని నేరుగా వెళ్తే వాళ్ళు మిమ్మల్ని పెన్షన్ రాయించే ఆఫీసర్ అనుకుంటారు, అలా అనుకున్నాక మీకు చెప్పే ప్రతి అంకె మారిపోతుంది. పురోహితుడి ద్వారా వెళ్ళండి, లేదా షామియానా సామాను ఇచ్చేవాళ్ళ ద్వారా, ఫంక్షన్ హాల్ మేనేజర్ ద్వారా, వీళ్ళందరికీ మేళం వాళ్ళ నంబర్లు కంఠతా వచ్చు. పెళ్ళిళ్ళు లేని నెలలో ఇంటికి వెళ్ళండి, సీజన్లో ఎవరికీ కూర్చునే ఓపిక ఉండదు. మొదటి నాలుగైదుసార్లు రికార్డర్ బయటికి తియ్యొద్దు. సన్నాయికి పీక, అంటే నోట్లో పెట్టుకుని ఊదే ముక్క, సరిచెయ్యడం చూడండి, సాధన వినండి, ప్రయాణంలో శ్రుతిపెట్టె మొయ్యండి. "మీ అమ్మాయి చదువెంతవరకు వచ్చింది బాబాయ్" అని మీరడిగే స్థితి వచ్చాకే "పోయిన నెల ఎంతొచ్చింది" అని అడగొచ్చు.

ఇప్పుడు లెక్క. ఇది చాలా జాగ్రత్తగా చెయ్యాలి, ఎందుకంటే అందరూ ఇక్కడే పొరపాటు పడతారు. "పెళ్ళికి ఎంత తీసుకుంటారు" అని అడిగితే ఒక అంకె చెప్తారు, అది మీరు ఆదాయం కింద రాసేసుకుంటారు, కానీ అది సెట్టు మొత్తానికి మాట్లాడుకున్న రేటు. లెక్క అర్థం కావడానికి అంకెలు నేనే వేస్తున్నా, ఏ బృందానివీ కావు. రేటు 20,000 అనుకోండి. మధ్యలో కుదిర్చిపెట్టిన మనిషికి 2,000, బండికి 2,500 పోతే 15,500 మిగిలింది. మొదటి సన్నాయికి 5,000, రెండో సన్నాయికి 3,500, మొదటి డోలుకి 3,500, రెండో డోలుకి 2,500, తాళం వేసే కుర్రాడికి 1,000. ఇప్పుడు టైము రాయండి. ముహూర్తం తెల్లవారుజామున అయితే ముందురోజు మధ్యాహ్నమే ఇంట్లోంచి బయల్దేరాలి, తిరిగి ఇంటికి చేరేసరికి మర్నాడు మధ్యాహ్నం, మొత్తం దాదాపు ఇరవై నాలుగు గంటలు, అందులో వాయించింది ఐదారు గంటలే కావచ్చు. ఆ ఐదు గంటల లెక్కన చూస్తే బాగానే సంపాదిస్తున్నారు అనిపిస్తుంది, ఇరవై నాలుగు గంటల లెక్కన చూస్తే తాళం కుర్రాడికి గంటకి 42 రూపాయలు కూడా పడట్లేదు. ఏ గంటల్ని పని కింద లెక్కపెడతారన్నది మీరు తీసుకునే నిర్ణయం, ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో థీసిస్‌లో రాయండి.

పంపకం తీరు కూడా గమనించండి. ఎవరు పంచుతారు, అందరి ముందూ పంచుతారా, కవర్లో పెట్టి ఇస్తారా, పెళ్ళివారు విడిగా చేతిలో పెట్టిన కానుకలు పంపకంలోకి వస్తాయా లేక పుచ్చుకున్నవాడికేనా. తాళం వేసే పిల్లాడు ఎవరి మేనల్లుడో కనుక్కోండి. ఆ వెయ్యి రూపాయలు కూలి ఒక్కటే కాదు, వాడి చదువు అది, నాలుగేళ్ళు పక్కన కూర్చుని తాళం వేస్తేనే రేపు సన్నాయి పట్టుకుంటాడు. ఈ మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు, తెల్లవారుజామున తిరిగొచ్చే బండిలో దొరికింది.

ఇక్కడ బామోల్, బోవెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1966లో చెప్పిన విషయం ఒకటి పనికొస్తుంది. ఫ్యాక్టరీలో మెషీన్లొచ్చి మనిషి గంటకి చేసే పని పెరుగుతూ పోతుంది, కచేరీలో అలా పెరగదు, నలుగురు వాయించాల్సింది వందేళ్ళ క్రితమూ నలుగురే, ఇప్పుడూ నలుగురే, అదే టైము, కానీ బయట జీతాలు పెరిగేకొద్దీ వీళ్ళ ఖర్చూ పెరుగుతుంది. మేళానికి ఇది అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. అందుకే పెళ్ళివారు నలుగురి సెట్టుని ఇద్దరికి తగ్గిస్తారు, లేదా పెన్‌డ్రైవ్‌లో గట్టిమేళం పెట్టేస్తారు, గుళ్ళో హారతి టైముకి కరెంటుతో డప్పూ గంటా మోగించే మెషీన్ బిగిస్తారు. మీరు వెళ్ళిన ప్రతి గుడిలో ఆ మెషీన్ ఉందా, ఏ సంవత్సరం పెట్టారు, అంతకుముందు అక్కడ ఎవరు వాయించేవారు అని తప్పకుండా రాసుకోండి, ఇది చిన్న ప్రశ్నే కానీ మంచి డేటా వస్తుంది.

పంచాంగం కొనుక్కోండి. నిజంగా చెప్తున్నా, మేళం ఆర్థిక పరిస్థితికి పంచాంగాన్ని మించిన డాక్యుమెంట్ లేదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పెళ్ళిళ్ళుండవు, పైన శుక్ర మౌఢ్యమో గురు మౌఢ్యమో వస్తే ఇంకొన్ని వారాలు ఎగిరిపోతాయి. మీరు మాఘమాసంలో సర్వే చేస్తే వీళ్ళకేం ఢోకా లేదు అనిపిస్తుంది, ఆషాఢంలో చేస్తే ఈ కళ చచ్చిపోయింది అని రాసేస్తారు, రెండూ తప్పే. ఒక బృందానికి ఏడాది పొడుగునా డైరీ పెట్టండి, రోజుకి నాలుగు గడులు చాలు, ఎక్కడ వాయించారు, ఎవరు పిలిచారు, ఎంత వచ్చింది, వాయించని రోజు ఏం పని చేశారు. ఆ నాలుగో గడి చాలామంది పెట్టరు. సెలూన్, ఆటో, ఫోటో స్టూడియో, పొలం, అసలు ఇల్లు దేని మీద నడుస్తుందో ఆ గడిలోనే బయటపడుతుంది. డైరీ ఇంట్లో ఆడవాళ్ళ చేతికివ్వండి, నా అనుభవంలో లెక్క వాళ్ళ దగ్గరే కరెక్టుగా ఉంటుంది.

కులం సంగతి. మేళం చాలాచోట్ల నాయీబ్రాహ్మణుల వృత్తి, క్షౌరమూ మేళమూ ఒకే ఇంట్లో ఉంటాయి. ఈ విషయం పందిట్లో, సెలూన్లో, పదిమంది ముందు అడగకండి. మొదట్లో నేను ఒక సెలూన్లో అడిగాను, షాపులో కస్టమర్లున్నారు, ఆ అన్న మొహం ఒక్కసారి మూసుకుపోయింది, ఆరు నెలలు మళ్ళీ మాట్లాడలేదు. ఇప్పుడు "తాతగారు ఏం చేసేవారు, ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారు" అని ఇంట్లో అడుగుతా, చాలాసార్లు మిగతాది వాళ్ళే చెప్తారు, చెప్పకపోతే వదిలేస్తా. అడక్కుండానే కనపడేది చాలా ఉంటుంది. మొదటి సన్నాయి ఆయన్ని "విద్వాన్ గారూ" అంటున్నారా "ఏమయ్యా" అంటున్నారా, కుర్చీ వేశారా, కిందే పట్టా పరిచారా, ఏ బంతిలో పిలిచారు. ఒకే బృందం మూడు ఇళ్ళల్లో మూడు రకాల మర్యాద చూస్తుంది, ఆ మూడూ పక్కపక్కన పెట్టి రాయండి, కామెంట్ అక్కర్లేదు.

మా వైపు ఇంకో ముఖ్యమైన సంగతి, సన్నాయి వాయించేవాళ్ళలో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. మన ప్రకాశం జిల్లాకే చెందిన కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చింది, నాదస్వరంలో ఆడవాళ్ళు ఎంత తక్కువో తెలిసినవాళ్ళకి కాలీషాబీ పేరు విలువ తెలుస్తుంది. నమాజ్ చేసుకునే ఇంట్లోంచి వచ్చి రామకల్యాణానికి త్యాగరాజస్వామి కీర్తన వాయిస్తున్నారు. దీన్ని చూడగానే మత సామరస్యం అని ఒక పేరా రాసి పక్కన పెట్టెయ్యాలనిపిస్తుంది. అక్కడ ఆగకండి. గురువు ఎవరు, ఏ ఊరి గుడి వాళ్ళని పిలిచింది, ఏ గుడి పిలవలేదు, గర్భగుడికి ఎంత దూరంలో నిలబడి వాయిస్తారు, పండగ రోజు పెళ్ళి ముహూర్తం పడితే ఇంట్లో ఏం మాట్లాడుకుంటారు, ఇవి అడిగితే వచ్చే జవాబులు ఆ పేరా కన్నా చాలా గొప్పగా ఉంటాయి, కొన్ని బాధపెడతాయి కూడా.

పాత కాగితాల దగ్గరికి కూడా వెళ్ళాలి. ఒకప్పుడు గుడి మేళానికి జీతం బదులు మాన్యం, అంటే సేవకి ఇచ్చిన ఇనాం భూమి, ఉండేది. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ వేశారు, వాళ్ళు తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో ఏ ఊళ్ళో ఏ సేవకి ఎంత భూమి, ఎవరి పేరు మీద అని గ్రామాలవారీగా ఉంటుంది. మీ ఊరి పేజీ దొరికితే ఆ రోజు నిద్ర పట్టదు, నాకు పట్టలేదు. ఒక జాగ్రత్త, పాత రికార్డుల్లో మేళం అంటే ప్రతిసారీ సన్నాయి మేళం కాదు, దేవదాసీల ఆటపాటల భోగం మేళం కూడా అయ్యుండొచ్చు, సేవ ఏంటో చూసి నిర్ణయించుకోండి. తర్వాత 1956 ఆంధ్ర ప్రాంత ఇనాముల రద్దు చట్టం చూడండి, ఆ తర్వాత 1987 దేవాదాయ చట్టం, అది గుళ్ళల్లో వంశపారంపర్య హక్కుల్ని తీసేసింది. ఈ మూడు తేదీలు చేతిలో పెట్టుకుని ఒక కుటుంబంలో తాత, తండ్రి, కొడుకు కథ వినండి, తాతకి పొలం, తండ్రికి గుడి జీతం, కొడుక్కి పెళ్ళిళ్ళ బయానాలు, ఇలాంటి వరస మీకే కనపడొచ్చు, కనపడకపోతే ఎందుకు లేదో అడగాలి.

ఇప్పటి లెక్కలకి ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు, పెట్టండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫలానా గుడిలో నాదస్వరం, డోలు పోస్టులు ఎన్ని మంజూరయ్యాయి, ఎన్ని ఖాళీ, చివరిసారి ఎప్పుడు నింపారు, ఈ మూడే అడగండి, పెద్ద పెద్ద ప్రశ్నలు అడిగితే తిప్పి పంపుతారు. పెన్షన్ల సంగతి కూడా చూడండి, ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకి 2024 జులై నుంచి నెలకి 4,000 ఇస్తున్నారు, తెలంగాణలో సాంస్కృతిక సారథి అనే ప్రభుత్వ సంస్థ పెట్టి కళాకారుల్ని ఉద్యోగాల్లోకే తీసుకున్నారు. ఒకటి వృద్ధాప్యానికి ఆసరా, ఇంకోటి నెల జీతం, ఈ రెంటివల్ల పాటలో ఏం మారిందన్నది విడిగా ఒక థీసిస్ అవుతుంది, ఎవరైనా తీసుకోండి. విజిటింగ్ కార్డులు కూడా దాచండి. "ఆకాశవాణి A గ్రేడ్" అని ఉన్న కార్డుకీ లేని కార్డుకీ బేరంలో తేడా ఉంటుంది, ఎప్పుడో చేసిన ఆడిషన్ ఇప్పటికీ రేటు నిర్ణయిస్తోందంటే అది మామూలు విషయం కాదు.

రికార్డింగ్ గురించి తొందరగా చెప్పేస్తా. ఎంపీత్రీ వద్దు, వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. సన్నాయి చాలా గట్టిగా ఉంటుంది, డోలు ఇంకా గట్టి, రికార్డర్ దగ్గర పెడితే శబ్దం పగిలిపోతుంది, నాలుగు మీటర్ల దూరంలో పెట్టి లెవెల్ బాగా తగ్గించుకోండి, గట్టిమేళం ఎప్పుడొస్తుందో తెలీదు కాబట్టి మామూలు వాయింపుకి మీటరు సగం కూడా దాటకూడదు. ఫోన్ అయితే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. రికార్డింగ్ మొదట్లో మీ గొంతుతో తేదీ, ఊరు, సందర్భం, వాయించేవాళ్ళ పేర్లు చెప్పండి, పదేళ్ళ తర్వాత ఫైల్ పేరు పోయినా ఆ గొంతు ఉంటుంది. మూడు కాపీలు, ఒకటి వేరే ఇంట్లో.

అనుమతి మాత్రం తొందరగా చెప్పే విషయం కాదు. ఇంగ్లీషు ఫారం మీద సంతకం పెట్టించుకోవడం అనుమతి కాదు. తెలుగులో చదివి వినిపించండి, ఇది ఎక్కడికి వెళ్తుంది, ఎవరు వింటారు, మీకు డబ్బు వస్తుందా, వాళ్ళకి వస్తుందా, అన్నీ చెప్పి, వాళ్ళు సరేనన్నది కూడా రికార్డ్ చెయ్యండి. మన కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో వాయించేవాళ్ళకీ హక్కులొచ్చాయి, నిజమైన రీసెర్చ్ కోసం, బోధన కోసం రికార్డ్ చేసుకోవడానికి అందులోనే మినహాయింపు ఉంది, కానీ ఆ మినహాయింపు పట్టుకుని యూట్యూబ్‌లో పెట్టేస్తే అది రీసెర్చ్ కింద రాదు. పెట్టాలనుకుంటే విడిగా అడగండి, వద్దంటే పెట్టకండి. కొంతమంది ఎందుకు వద్దంటారంటే ఒకసారి నెట్‌లో ఫ్రీగా దొరికితే ఆ ముక్కే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వాళ్ళనే పిలవడం మానేస్తారని, ఆ భయంలో అర్థముంది. డబ్బుల డైరీ విషయంలో పేర్లు మార్చండి, ఊరు కూడా మార్చండి, రేటు బయటికి తెలిస్తే బేరం చెడిపోతుంది. వాయించిన సంగీతానికి మాత్రం వాళ్ళు కావాలంటే అసలు పేరే ఉండాలి. ఒకే మనిషి ఒక చాప్టర్లో పేరు లేకుండా, ఇంకో చాప్టర్లో పేరుతో రావచ్చు, రెండూ కలిపి చదివితే గుర్తుపట్టేలా ఉందేమో మాత్రం వేరేవాళ్ళతో చదివించి చూసుకోండి.

రాయడం మొదలెట్టేముందు రికార్డింగులు వాళ్ళింటికి తీసుకెళ్ళండి. నేను ఒక పెద్దాయనకి పదకొండు ముక్కలు వినిపించాను, 1982లో మొదలై ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉన్న ఎత్నోమ్యూజికాలజీ (జనం మధ్య సంగీతాన్ని చదివే శాస్త్రం) ఆర్కైవ్ లాంటి చోట దాచిపెట్టాలంటే ఏది పంపమంటారు అని అడిగాను. నాకు బాగా నచ్చిన మోహన రాగం, పెళ్ళివాళ్ళు చప్పట్లు కొట్టింది, దాన్ని మధ్యలోనే ఆపించేశారు, "ఇక్కడ పీక తడారిపోయింది బాబూ, శ్రుతి దిగింది, నాకు తెలుస్తోంది" అన్నారు. తొమ్మిదోది పెట్టాక కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు, అది హాల్లో సగం కుర్చీలు ఖాళీ అయ్యాక, భోజనాల టైములో, ఎవరూ అడక్కుండా వాయించింది. "ఇది పంపించు. తమ్ముడి డోలు కూడా ఇందులోనే బాగుంది, వాడి పేరు కూడా రాయి" అని చెప్పి, కాగితం తీసుకుని రెండు పేర్లూ ఇంటిపేరుతో సహా ఆయనే రాసిచ్చారు. పంపేటప్పుడు ఆ స్పెల్లింగే పెట్టండి, ఆధార్ కార్డులోది కాదు.